పన్నెండు పుట్లకి ఒక పుట్టి

ముప్పై ఐదేళ్ల వయసులో కొత్తగా ఉద్యోగంలో చేరడమంటే ఎలా ఉంటుందో చేరినవాళ్లకే తెలుస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక మేడ మీద ట్యాలీ నేర్పే సెంటరుంది. నాలుగు నెలలు ఆ మెట్లెక్కి దిగాను. నా పక్కన కూర్చునేవాళ్లంతా ఇరవై ఏళ్ల పిల్లలు. మొదటి రోజు నన్ను చూసి ఎవరి అమ్మో ఫీజు కట్టడానికొచ్చిందనుకున్నారు. ఆఫీసు గది అటుందాంటీ అని దారి కూడా చూపించారు. ఒళ్లు మండింది. ఏం చేస్తాను, చెప్పులు విడిచి లోపలికి పోయి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

నా పేరు రోజారమణి. బీకాం ఎప్పుడో గూడూరులో పాసయ్యాను. పెళ్లయ్యాక ఆ సర్టిఫికెట్టు బీరువాలో చీరల అడుగున పడి ఉంది. మా ఆయన పెంచల్ ముత్తుకూరు దగ్గర బొగ్గు టిప్పరు నడిపేవాడు. పన్నెండేళ్లు ఆ సీట్లో ఎగిరెగిరి పడి నడుము పోగొట్టుకున్నాడు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచీ ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తూ ఉంటాడు. మా పాప బిందు తొమ్మిదో తరగతి. ఇంటద్దె, స్కూలు ఫీజు, మాత్రలు. ఇంతకంటే చెప్పేదేముంది, చీరల కింద నుంచి సర్టిఫికెట్టు బయటికి తీశాను.

ఉద్యోగం కోసం పదకొండు చోట్ల తిరిగాను. రొయ్యల మేత అమ్మే షాపు, లారీ ఆఫీసు, ఇనుప సామాను కొట్టు, ఏదీ వదల్లేదు. అందరూ ఒకటే అడుగుతారు, ఎన్నేళ్ల అనుభవముంది అని. అనుభవం కావాలంటారు గానీ అది ముందుగా ఎవరిస్తారో ఒక్కడూ చెప్పడు. ఒక ఆడిటరుగారైతే ఆరు నెలలు జీతం లేకుండా చెయ్యి, పని నేర్పినందుకు నేనేమీ అడగనులే అన్నాడు. మహా ఉపకారం. దండం పెట్టి వచ్చేశాను.

పన్నెండోది రైసు మిల్లు. ముత్తుకూరు రోడ్డు మీద, మా ఇంటి నుంచి బస్సులో ముప్పావు గంట. ఓనరు నరేంద్రబాబు దాదాపు నా వయసువాడే. తెల్ల చొక్కా, టేబుల్ మీద రెండు ఫోన్లు. నా ఫైలు తెరవనైనా లేదు. పుట్టి ఎంతమ్మా అని అడిగాడు. ఎనిమిది వందల యాభై కిలోలు సార్ అన్నాను, తడుముకోకుండా. నెల్లూరు వడ్లు అమ్మేదీ కొనేదీ పుట్లలోనే. కూడికలు రాకముందే మా ఇళ్లలో పిల్లలకి ఈ లెక్క వస్తుంది. తర్వాత మీ నాన్నకి పొలమెంత అన్నాడు. మనుబోలు పక్క ఊళ్లో మూడున్నర ఎకరాలు, సొంతం, పాసుబుక్కు ఉంది అని చెప్పాను. మీ వీధిలో అందరూ రైతులేనా అన్నాడు. అందరూ రైతులే అన్నాను. ఆయన పక్క కుర్చీలో ఉన్న ముసలాయన వైపు చూశాడు. ముసలాయన తలూపాడు. ఇంటర్వ్యూ అయిపోయింది.

మూడు నెలలు చూస్తామన్నారు. అందాకా నెలకి ఎనిమిది వేలు. పని నచ్చితే ఆర్డరు కాగితం, పదహారు వేలు. రైతు బిడ్డకైతే వడ్ల సంగతి తెలుస్తుందని తీసుకున్నారు కాబోలు అనుకుని సంబరపడుతూ ఇంటికొచ్చాను. పెంచల్ చాప మీద లేచి కూర్చుని, ఆ కాగితం చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేనప్పటికే మా నాయనకి ఫోన్ చేసేశాను.

ఆ ముసలాయన పేరు కామాక్షయ్య. నలభై ఏళ్లుగా ఆ మిల్లు గుమాస్తా. ఒక కంటిలో శుక్లం, ఇంకో కన్ను కళ్లజోడులో పెద్దదిగా కనిపిస్తుంది. నుదుటికెప్పుడూ తలనొప్పి మందు వాసన. చీటీలు ఎలా పేర్చాలి, రైతు గట్టిగా అరిస్తే ఎంతసేపు ఊరుకోవాలి, బ్యాంకువాడితో ఏ వేళప్పుడు మాట్లాడాలి, అన్నీ ఆయనే నేర్పాడు. ట్యాలీ సెంటరులో ఇవేవీ చెప్పలేదు. ఆయనంటే నాకు గౌరవమే. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

నేను చేరిన రెండో నెలకే కోతలు మొదలయ్యాయి. నాలుగున్నరకి లేచి వంట చేసి, పెంచల్‌కి వేణ్ణీళ్ల సంచీ ఇచ్చి, బిందుకి జడలేసి, ఆరింబావు బస్సెక్కేదాన్ని. మిల్లు గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్ల వరస రోడ్డు దాకా ఉండేది. రోడ్డు మీద పోర్టు లారీల దుమ్ము, లోపల వడ్ల దూగర. మధ్యాహ్నానికి మెడ చుట్టూ దురద, గొంతులో గరగర. సాయంత్రం బస్సులో సీటు దొరికితే కూర్చుంటూనే నిద్ర. రెండుసార్లు మా స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను. ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి ముట్టించాలి.

తూకం ఇలా జరుగుతుంది. ట్రాక్టరు కాటా ఎక్కుతుంది. అంకెలు కనిపించే పెట్టె కామాక్షయ్య గదిలో, ఆయన కుర్చీ వైపు తిరిగి ఉంటుంది. రైతుకి ఆయన చేత్తో రాసిన చీటీ ఇస్తాడు. అందులో పేరు, ఊరు, ఎన్ని పుట్లు, అంతే. మిషను నుంచి వచ్చే చీటీ మీద కిలోలుంటాయి. అది ఫైలుకి పోతుంది. మిల్లువాళ్లు ఎంతో కొంత తింటారని రైతులందరికీ తెలుసు. ఎంతన్నది తెలియదు. బయట కాటా వేయించుకుని ఆ చీటీతో వచ్చినవాడి వడ్లకి తేమ ఎక్కువైపోతుంది. సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టి వెనక్కి పంపుతారు. అందుకని ఎవరూ వేయించుకోరు.

నా పని రైతు చీటీలు చూసి పుట్లు కంప్యూటర్లో ఎక్కించడం. అంతటితో ఊరుకుంటే పోయేది. సెంటరులో నేర్చుకున్న విద్య చూపించుకోవాలని నాకు దురద పుట్టింది. అంతకుముందు లెక్కల్లో వడ్లు పుట్లలో ఉండేవి, బియ్యం బస్తాల్లో ఉండేవి. దానికీ దీనికీ ముడి లేదు. నేను ట్యాలీలో పుట్టి అంటే ఎనిమిది వందల యాభై కిలోలని ఎక్కించాను. బస్తా అంటే ఇన్ని కిలోలని ఎక్కించాను. ఇక నెల కాగానే ఎన్ని వడ్లకి ఎన్ని బియ్యం వచ్చాయో మిషనే చెప్పేస్తుంది. చూపించి శభాష్ అనిపించుకుందామనుకున్నాను.

నెలాఖరున ఆ కాగితం తీశాను. నూరు కిలోల వడ్లు ఆడిస్తే అరవై ఐదు కిలోల బియ్యం వస్తాయి. ఇంకో కిలో అటూ ఇటూ. నా కాగితంలో డెబ్బై వచ్చాయి. వడ్లలోంచి డెబ్బై కిలోల బియ్యం తీసే మిల్లు ప్రపంచంలో లేదు. అంటే ఎక్కడో నేను తప్పు రాశాను. మూడు నెలల గడువులో ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఈ తప్పు బయటపడితే ఆ కాగితమూ లేదు, పదహారు వేలూ లేవు, మళ్లీ పదమూడో చోటు వెతుక్కోవాలి.

మూడు రోజులు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని ఒక్కో ఎంట్రీ తిరగేశాను. అంకెలు తారుమారు చేశానా, ఏదైనా చీటీ ఎక్కించకుండా వదిలేశానా, బియ్యం బస్తాలు ఎక్కువ రాశానా. కళ్లు మంటలు. ఇంట్లో బిందు ఏదో అడిగితే కసిరాను, తర్వాత బాధపడ్డాను. తప్పు దొరకలేదు. నాలుగో రోజు ఫైలు దించి మిషను చీటీలు చూశాను. ఒక రైతుకి పది పుట్లు, మిషను చీటీలో తొమ్మిది వేల రెండు వందల కిలోలు. ఇంకొకరికి అయిదు పుట్లు, నాలుగు వేల ఆరు వందలు. ఇరవై చీటీలు చూసి ఆపేశాను. ఎవరిదైనా సరే, పుట్టికి తొమ్మిది వందల ఇరవై.

నా లెక్క తప్పు కాదని తెలిసి ముందు హమ్మయ్య అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ అదే నిజం. మిగతాది ఆ తర్వాత తట్టింది.

కాగితం తీసుకుపోయి కామాక్షయ్య ముందు పెట్టాను. ఆయన దాన్ని మంచి కన్నుకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పుట్టిని ఎనిమిదొందల యాబై అని ఎక్కించినావా? ఎవురు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పేదేంది పెద్దాయనా, పుట్టంటే అంతే గదా."

"రైతుకి అంతే. మిల్లుకి తొమ్మిదొందల ఇరవై."

కోపంగా కాదు, ఎగతాళిగా కాదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మొత్తం విడమరిచాడు. పుట్టికి డెబ్బై కిలోలు. పన్నెండు పుట్లు కొంటే పదమూడో పుట్టి ఉత్తపుణ్యానికి వస్తుంది. పూర్వం ఆ పదమూడో పుట్టి బియ్యం కాగితం లేకుండా పోయేవి. ఇప్పుడు లారీ మద్రాసు వైపు కదలాలంటే కంప్యూటర్లో బిల్లు పుట్టాలి. బిల్లు వేసిన బియ్యానికి వడ్లు చూపించాలి. వడ్లకి రైతు కావాలి. రైతుకి పేరు, పొలం, పాసుబుక్కు నకలు, రసీదు మీద సంతకం కావాలి. అందుకని ఈ మిల్లులో లెక్కలు రాసేవాళ్లు తమ వైపు పేర్లు తెస్తారు. అదే పద్ధతి. ప్రతి పేరు మీదా ఆ పొలానికి తగ్గట్టు మూడు పుట్లో నాలుగు పుట్లో అదనంగా రాసుకుంటారు.

"నా తరుపు పేర్లన్నీ అయిపోయినాయి మే. ఇద్దురైతే చచ్చిపోయినాక గూడా నాలుగేండ్లు వడ్లు తోలినారు," అన్నాడు.

నవ్వొచ్చింది. మరుక్షణం ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. మీ నాన్నకి పొలమెంత, మీ వీధిలో అందరూ రైతులేనా. నా బీకాం చూసి కాదు, ట్రంకు రోడ్డు మేడ మెట్లెక్కి నేర్చుకున్న ట్యాలీ చూసి కాదు. నన్ను తీసుకున్నది మా నాయన పాసుబుక్కు చూసి. ఇన్నాళ్లూ వీళ్ల మెప్పు కోసం ఒళ్లు హూనం చేసుకున్నానే అని నా మీద నాకే అసహ్యమేసింది.

ఆ సాయంత్రం పెంచల్‌కి చెప్పాను. అంతా విని ఫ్యాను వైపు చూస్తూ నీ ఇష్టం అన్నాడు. మానేయమన్నా, చెయ్యమన్నా పోట్లాడి ఉండేదాన్ని. నీ ఇష్టం అనేవాడితో ఏం పోట్లాడతాం. స్టవ్ మీద పాలు పొంగిపోతే దించడానికి లేచాను.

మా నాయన పేరు హజరత్తయ్య. అదే వారం ఆయన ఫోన్ చేశాడు. కోత మిషను వచ్చి పోయిందనీ, వడ్లు మా మిల్లుకే తోలతాననీ చెప్పాడు. ఎందుకు నాయనా అంత దూరం, ట్రాక్టరు బాడుగ దండగ, అక్కడే ఎవరికో వేసెయ్యి అన్నాను. రెండు మూడు రకాలుగా చెప్పి చూశాను. రోడ్డు బాగాలేదన్నాను, ఇక్కడ రెండు రోజులు నిలబెడతారన్నాను. ఆయన వినిపించుకోలేదు.

"యాడికి బోయినా తినేవోళ్లే పాపా. నువ్వు లెక్క రాసే తావున ఎవురు తింటారు?" అన్నాడు.

అది అపనమ్మకం ఉన్న మనిషి అడిగే ప్రశ్న అయితే జవాబు చెప్పి ఉండేదాన్ని. ఆయన సంతోషంగా ఉన్నాడు. ఎప్పుడొస్తావో ముందు రోజు చెప్పు అని పెట్టేశాను.

మర్నాడు పొద్దున నాయన వడ్ల సంగతి కామాక్షయ్య చెవిన వేశాను. మధ్యాహ్నం నరేంద్రబాబు పిలిచాడు. టేబుల్ మీద టైపు చేసిన కాగితం ఉంది. తలకిందులుగా ఉన్నా నా పేరు కనిపించింది. రోజారమణి, అకౌంటెంట్, పదహారు వేలు. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి, నాకంటే మర్యాదస్తుడు. నా పని బాగుందన్నాడు. ఇంతకుముందు ఎవరూ వడ్లకీ బియ్యానికీ ఇలా ముడి పెట్టి చూపించలేదన్నాడు. అది మంచిదే, ఇప్పుడు అంకెలు ఎక్కడ కలవడం లేదో ముందే తెలిసిపోతుందన్నాడు.

"మీ నాన్న వడ్లు తోలతాడంట గదమ్మా. ఆయనకి ఎనిమిదొందల యాబైకే వేయమని కామాక్షయ్యకి చెప్పినా. మన మనిషి. ఇంకా ఆ పేర్ల సంగతి కామాక్షయ్య నీకు చెప్పే ఉంటాడు."

చెప్పాడని తలూపాను. అనాలని బస్సులో కూర్చుని నాలుగు మాటలు పోగుచేసుకుని పోయాను. మంచి మాటలే. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ఆయన పెన్ను తీసి సంతకం చేసి కాగితం నా వైపు జరిపాడు. నేను తీసుకున్నాను. నా మౌనాన్ని ఆయన ఒప్పుకోలుగా అర్థం చేసుకున్నాడని చెప్పుకోవచ్చు. కానీ అది ఒప్పుకోలే.

నాయన గురువారం వచ్చాడు. ట్రాక్టరు తొట్టి మీద పట్టాలో వడ్లు, వాటి మీద తలపాగా చుట్టుకుని ఆయన. ఎండకి మొహం నల్లగా కమిలిపోయింది. నన్ను చూడగానే దిగి, ముందు ఆఫీసు గది గడప దగ్గర నిలబడి నా కుర్చీ ఏదని అడిగాడు. చూపించాను. లోపలికి రమ్మంటే రాలేదు, కాళ్లకి మట్టి ఉందన్నాడు. అక్కడినుంచే కుర్చీని, కంప్యూటర్ని, నన్ను మార్చి మార్చి చూశాడు.

కాటా వేశారు. కామాక్షయ్య చీటీ రాసిచ్చాడు. పది పుట్లు. మిషను చీటీ నేనే చూశాను. ఎనిమిది వేల అయిదు వందలు. సరిగ్గా, ఒక్క కిలో అటూ ఇటూ లేకుండా. నాయన తన లెక్కకి తొమ్మిదింబావు పుట్లు రావచ్చని అనుకుని వచ్చాడంట. ప్రతి ఏడూ మిల్లువాళ్లు తినేది పోగా మిగిలేది అంతేనని ఆయన అంచనా. చీటీ చేతిలో పట్టుకుని మళ్లీ మళ్లీ చూశాడు.

"ముప్పై ఏండ్లలో మొదుటిసారి పాపా, నా వడ్లు నాకు లెక్కకొచ్చినాయి," అన్నాడు.

కామాక్షయ్య తల వంచుకుని ఇంకో చీటీ రాసుకుంటున్నాడు. నాయనకి క్యాంటీన్లో టీ, రెండు వడలు తినిపించి ట్రాక్టరెక్కించాను. గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు కామాక్షయ్య ఒక రసీదు నా ముందు పెట్టాడు. హజరత్తయ్య, నాలుగు పుట్లు, నగదు ముట్టింది. నిన్నటి పదీ ఇవి నాలుగూ కలిపి పద్నాలుగు. మూడున్నర ఎకరాలకి అంతవరకూ రాసినా ఎవరూ అడగరంట. సంతకం చోటు చూపించి, ఆయన్ని మళ్లీ పిలవడమెందుకు, నువ్వే పెట్టు అన్నాడు.

మా నాయనకి సంతకం నేర్పింది నేనే. ఇంటర్ చదివేటప్పుడు, బ్యాంకులో పంట అప్పు కాగితాల మీద వేలిముద్ర వేస్తుంటే పక్కన నిలబడిన నాకు తల కొట్టేసినట్టయింది. నా నోటుబుక్కు వెనక పేజీల్లో నెల రోజులు రాయించాను. అయిదక్షరాలు. పొలం నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, వసారాలో బోర్లా పడుకుని రాసేవాడు. 'త్త' దగ్గర ఇప్పటికీ ఆయన చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. అక్కడ సిరా కొంచెం మందంగా పడుతుంది.

నేనూ అక్కడ ఆగి రాశాను. అచ్చం ఆయన సంతకంలా వచ్చింది. రసీదు ఫైల్లో పెట్టి, కంప్యూటర్లో ఎక్కించి, మధ్యాహ్నం అన్నం తిన్నాను. సొరకాయ పప్పు. ఉప్పు తక్కువైంది. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. నిద్ర మాత్రం ముంచుకొచ్చింది.

ఆ వారం జీతం కొత్త లెక్కన పడింది. పెంచల్ మాత్రలు నెలకి సరిపడా ఒకేసారి కొన్నాను. బిందు ఫీజు కట్టాను. ఇంకో పేరు ఎక్కడినుంచి తేవాలా అన్న ఆలోచన మధ్యమధ్య వచ్చేది. పని ఎక్కువగా ఉండడంతో తోసేసేదాన్ని. మా నాయన ఒక్కడి పేరుతో పోనిద్దాం, వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాను. నాయనకైతే అన్యాయం జరగలేదు కదా, ఆయన వడ్లు ఆయన లెక్కకొచ్చాయి కదా. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈ మాట రోజూ నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగో రోజుకి అలవాటైంది.

తొమ్మిదో రోజు పొద్దున గేటు దగ్గర గోల వినిపించి బయటికొచ్చాను. వరసగా ఆరు ట్రాక్టర్లు. మొదటి ట్రాక్టరు మీద డ్రైవరు పక్కన మా నాయన. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు. ఆయన వడ్లు అప్పుడే అయిపోయాయి, ఈ రోజు ఆయనకి ఇక్కడ పనేమీ లేదు. ఆరు ట్రాక్టర్ల వడ్లూ మా వీధివాళ్లవి. ఊళ్లో ఆ చీటీ ఇంటింటికీ తీసుకుపోయి చూపించాడంట. మా పాప ఉన్న మిల్లులో పుట్టంటే పుట్టేనని చెప్పాడంట. మనుబోలు దగ్గరే కొనేవాళ్లుండగా ఇంత దూరం బాడుగలు కట్టుకుని అందరూ ఆయన వెంట వచ్చారు.

లోపలికి పోయి, వీళ్లకి కూడా ఎనిమిది వందల యాభైకే వేద్దాం పెద్దాయనా అని కామాక్షయ్యని అడిగాను. అడిగాను, ఆ ఒక్కటీ చేశాను. ఆయన కిటికీలోంచి ఆరు ట్రాక్టర్లనీ చూసి, మీ నాయన ఒక్కడికే చెప్పినాడు సారు అన్నాడు. వడ్లు దించుకుని పోయేలోగా ఒక్కొక్కరి దగ్గరా పాసుబుక్కు నకలు తీసి పెట్టుకొమ్మన్నాడు. నా వైపు పేర్లు నడిచి వచ్చాయి కదా, ఇంకో అయిదేళ్లకి ఇబ్బంది లేదన్నాడు. ఆయన మొహంలో అలసట తప్ప ఇంకేమీ లేదు. నలభై ఏళ్ల తర్వాత నా మొహమూ ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

ముందుగా కాటా ఎక్కింది మస్తానమ్మ ట్రాక్టరు. మాకు వరసకి అత్త. రెండెకరాలు ఒంటరిగా చేసుకుంటుంది. నా పదో తరగతి పరీక్షలప్పుడు మా అమ్మకి జ్వరమొస్తే, రోజూ నన్ను మనుబోలు తీసుకుపోయి, పరీక్ష అయ్యేదాకా గేటు బయట కూర్చునేది ఈమే. పాసుబుక్కు నకలు కావాలత్తా అంటే కారణం అడగలేదు. కొంగు ముడిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది, అందులోంచి పాసుబుక్కే తీసి నా చేతిలో పెట్టింది. నకలూ గికలూ నాకు తెలీదు, నువ్వే చూసుకోమంది.

కాటా మీద ట్రాక్టరు ఆగింది. గదిలో పెట్టె మీద అంకెలు పరుగెత్తి నిలబడ్డాయి. మస్తానమ్మ అత్త కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. ఆమెకి పెట్టె వెనక భాగమే కనిపిస్తుంది. నాకు అంకెలు కనిపిస్తున్నాయి.

"పుట్టి ఎంతకి యేస్తారు మే ఈడ?" అని నన్నడిగింది.

కామాక్షయ్య పెన్ను ఆపాడు. వెనకున్న అయిదుగురూ ట్రాక్టర్ల మీంచి నా వైపే చూస్తున్నారు. నాయన అందరికంటే ముందు నిలబడి, జవాబు తెలిసిన ప్రశ్న పిల్లనడిగినప్పుడు తండ్రి నిలబడినట్టు నిలబడ్డాడు. నా చేతిలో పాసుబుక్కుంది.

"ఎనిమిదొందల యాబై అత్తా," అన్నాను, తడుముకోకుండా.

ఆమె ఊచలు వదిలి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మా నాయన మిగతావాళ్ల వైపు తిరిగాడు.

"నే చెప్పలా?" అన్నాడు.